ఓటీపీ చెప్పాకే పెట్టె, పెట్టె తెరిచాకే నష్టం: పార్సిల్ పరిహారంపై మన ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో ఉన్న 42 మంది సభ్యులకు, రాజ్యసభలో ఉన్న 18 మంది సభ్యులకు,

నమస్కారం. మీకు రోజూ వందల అర్జీలు వస్తాయని తెలుసు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. దారిలో పగిలిన ఒక పార్సిల్ గురించి నాలుగు నెలలు తిరిగాను. ఫోన్లు చేశాను, ఏడు మెయిళ్లు పెట్టాను. చివరికి ఒక మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఏం పరిష్కరించారో ఇప్పటికీ అర్థం కాలేదు. అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ రాస్తున్నాను.

పార్సిల్ పంపింది ఏ సంస్థ ద్వారానో చెప్పను. అది ప్రభుత్వానిదో, ప్రైవేటుదో కూడా చెప్పను. చెబితే ఆ ఒక్కరూ క్షమాపణ చెప్పి ఊరుకుంటారు, మిగతావాళ్లు హమ్మయ్య అనుకుంటారు. నా గొడవ ఒక కౌంటర్‌తో కాదు, ఆ కౌంటర్ వెనక ఉన్న రూల్స్‌తో. వాటిని మార్చగలిగింది మీరు.

ముందు జరిగింది చెబుతాను.

మా నాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక అది అటక మీద ఎనిమిదేళ్లు పడి ఉంది. హైదరాబాదులో మా అక్క కూతురు సంగీతం నేర్చుకుంటోందని, తెనాలిలో ఒక పెద్దాయన చేత బాగు చేయించాను. తిత్తి కొత్తగా వేశారు, పాడైన రీడ్లు మార్చారు, శ్రుతి సరిచేశారు. 4,800 రూపాయలయింది. పాత దుప్పటి చుట్టి, నాలుగు పక్కలా థర్మోకోల్ పెట్టి, మందపాటి అట్టపెట్టెలో సర్ది, పైన పెద్ద అక్షరాలతో "పగిలే వస్తువు, ఈ వైపు పైకి" అని రాశాను. రవాణాకు 780 రూపాయలు కట్టాను.

కౌంటర్‌లో కుర్రాడు అడిగాడు: "విలువ ఎంత రాయమంటారు?"

"పాతదండీ, ఎంతని చెప్పాలి?"

"ఐదొందలు రాసేద్దాం మేడమ్, గొడవ ఉండదు."

నా వెనక పది మంది నిలబడి ఉన్నారు. సరే అన్నాను. ఆ "సరే" విలువ తర్వాత తెలిసింది.

హైదరాబాదులో పెట్టె దించేటప్పటికే ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. తెచ్చిన అబ్బాయే చూసి, "ఫొటో తీసుకోండి అక్కా" అన్నాడట మా అక్కతో. అతని మీద నాకే కోపమూ లేదు, ఆ మాత్రం చెప్పడమే ఎక్కువ. దెబ్బతిన్నట్టు ఫోన్‌లో రాయమని మా అక్క అడిగితే, అందులో అలాంటి చోటే లేదన్నాడు. ఓటీపీ చెప్పాలి, తెర మీద వేలితో సంతకం గీకాలి, అంతే. ఓటీపీ చెప్పందే పెట్టె ఇవ్వరు. పెట్టె ఇవ్వందే తెరవలేం. తెరిచి చూస్తే తిత్తి పలక కీలు దగ్గర చీలిపోయింది, మెట్లలో మూడు విరిగాయి, ఇంకొక మెట్టు కిందికి దిగి అలాగే ఉండిపోయింది. తిత్తి ఒక్కసారి నొక్కితే ఆ మెట్టు నుంచి ఒకే స్వరం ఆగకుండా వస్తుంది, ఏడుస్తున్నట్టు. మా అక్క ఫోన్‌లో వినిపించింది. నేను వద్దు, ఆపెయ్ అన్నాను.

ఆ సాయంత్రమే ఫిర్యాదు చేశాం. తొమ్మిదో రోజు జవాబు: "తెరిచేటప్పుడు వీడియో తీశారా?" తీయలేదు, ఫొటోలున్నాయి. తర్వాత కొన్నప్పటి బిల్లు అడిగారు. మా నాన్న కొన్న హార్మోనియానికి నేనెక్కడి బిల్లు తెచ్చేది? బాగు చేయించిన బిల్లు పంపాను. "అది వస్తువు విలువకు రుజువు కాదు" అన్నారు. ఆ తర్వాత ప్యాకింగ్ సరిగా లేదన్నారు. పెట్టె, లోపలి సరుకు, అట్టలు అన్నీ అలాగే ఉంచమన్నారు, పరిశీలనకు మనిషి వస్తాడన్నారు. ఎవరూ రాలేదు. ఆఖరికి ఐదు వందలు ఇస్తామన్నారు, విలువ కింద నేను రాయించింది అంతే కాబట్టి. మళ్లీ బాగు చేయడానికి తెనాలి పెద్దాయన చెప్పిన అంచనా 11,500.

ఇక రూల్స్ సంగతి. చట్టం చదవడం నాకు అలవాటు లేదు. ఈ నాలుగు నెలల్లో అలవాటయింది.

1. తపాలా చట్టం. బ్రిటిష్ వాళ్లు 1898లో చేసిన ఇండియన్ పోస్టాఫీస్ చట్టంలో 6వ సెక్షన్ ఒకటి ఉండేది. దారిలో వస్తువు పోయినా, వేరేవాళ్లకు చేరినా, ఆలస్యమైనా, దెబ్బతిన్నా ప్రభుత్వానికి బాధ్యత లేదు, ప్రభుత్వం స్పష్టంగా ఒప్పుకున్న మేరకు తప్ప. ఉద్యోగి మోసంతోనో కావాలనో చేస్తే తప్ప అతనికీ బాధ్యత లేదు. నూట పాతికేళ్ల తర్వాత పార్లమెంటు ఆ చట్టాన్ని తీసేసి కొత్తది చేసింది. 2023 డిసెంబరు 4న రాజ్యసభ, 18న లోక్‌సభ ఆమోదించాయి. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. వలస పాలన నాటి చట్టం పోయిందని అందరం సంతోషించాం. కొత్త చట్టం 10వ సెక్షన్ తెరిచి చూడండి. నష్టం, పొరపాటు బట్వాడా, ఆలస్యం, దెబ్బ, దేనికీ బాధ్యత లేదు, నిబంధనల్లో ప్రత్యేకంగా ఒప్పుకున్న మేరకు తప్ప. ఇల్లు మార్చాం కానీ పాత తాళం కప్పే తెచ్చి బిగించాం. మీలో కొందరు ఆ రోజు సభలో ఉన్నారు.

ఆ "ఒప్పుకున్న మేర" ఎంత? స్పీడ్ పోస్టు విషయంలో ఏళ్లుగా జనానికి చెబుతూ వచ్చిన లెక్క ఇదీ: వస్తువు పోయినా, లోపలిది దెబ్బతిన్నా, కట్టిన రుసుముకు రెట్టింపు, లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. అంటే 100 కట్టి పంపినవాళ్లకు 200. వెయ్యి రావాలంటే 500 కట్టి ఉండాలి. పెట్టెలో ఏముందన్న ప్రశ్నే ఈ లెక్కలో లేదు.

2. లారీ చట్టం. ఇది చూశాక నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. రోడ్డు మీద సరుకు మోసే ప్రైవేటు వాళ్లకు 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం వచ్చింది. సరుకు పోయిందనో పాడైందనో దావా వేస్తే, అది రవాణాదారు నిర్లక్ష్యం వల్లే జరిగిందని మనం రుజువు చేయనక్కర్లేదు. పరిమితి అందులోనూ ఉంది. రిస్కు కోసం అదనపు రేటు కట్టకపోతే, 2011 నాటి నిబంధనల ప్రకారం కిరాయికి పది రెట్లు, అదీ మనం చెప్పిన విలువను మించకుండా. బుక్ చేసిన 180 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. గొప్ప చట్టమని అనను. కానీ రెండింతలు ఎక్కడ, పదింతలు ఎక్కడ? "కామన్ క్యారియర్" (కిరాయికి అందరి సరుకూ మోసేవాళ్లు) అంటే ఎవరో చెప్పే ఆ చట్టం నిర్వచనంలోనే, ప్రభుత్వం అందులోకి రాదని రాసి ఉంది. ఒకే హైవే, ఒకే గుంత. పార్సిల్ ఏ బండిలో ఉందన్నదాన్ని బట్టి పౌరుడి హక్కు మారిపోతోంది.

3. రసీదు వెనక చిన్న అక్షరాలు. ప్రైవేటు కొరియర్లకు తపాలా వాళ్లకున్న 10వ సెక్షన్ రక్షణ లేదు కదా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, సేవకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా సలహా చెబుతారు. ఇవన్నీ మంచివే. కానీ 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఏమందో చూడండి. కొరియర్‌లో జర్మనీకి పంపిన కవరు సకాలంలో చేరక ఆ కంపెనీ నష్టపోయింది. రాష్ట్ర కమిషన్ లక్షల్లో పరిహారం ఇమ్మంది. అయితే సంతకం చేసిన పత్రంలో వంద డాలర్ల పరిమితి ఉంది, సంతకం చేశారు కాబట్టి దానికి కట్టుబడాలి అన్నది చివరికి నిలిచిన మాట. ఒప్పందాల చట్టం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టే చదువు నాకు లేదు. కానీ కౌంటర్ దగ్గర జరిగేది ఒప్పందమా? నలుగురిలో నిలబడి, పెన్ను కోసం వెతుక్కుంటూ, ఇంగ్లిషులో ఆవగింజంత అక్షరాల కింద గీసిన గీత అది.

4. చిన్న వ్యాపారాలు. నాది ఒక్క హార్మోనియం. దీని మీద నాకు బువ్వ లేదు. కానీ ఇంట్లో కూర్చుని బొమ్మలు, చీరలు, పచ్చళ్లు అమ్ముకునే ఆడవాళ్లు ఎంత మందో మీ నియోజకవర్గాల్లో చూడండి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికిస్తారు. బరువు లేని కర్ర, అతికిన చోట ఒక్క కుదుపు చాలు. దశావతారాల సెట్టులో ఒక్క బొమ్మ చెయ్యి విరిగితే సెట్టంతా వెనక్కొస్తుంది. కొన్నవాళ్లు పంపినవాళ్లనే అడుగుతారు, మోసినవాళ్లను కాదు. డబ్బు వెనక్కి ఇవ్వాలి, మళ్లీ పంపాలి, రెండోసారి చార్జీ కూడా తామే పెట్టుకోవాలి. పెద్ద ఈ-కామర్స్ కంపెనీలకు మోసేవాళ్లతో విడిగా ఒప్పందాలు ఉంటాయి, నష్టం పంచుకునే లెక్కలుంటాయి. నెలకు ముప్పై పార్సిళ్లు పంపే మనిషికి బేరమాడే బలం ఎక్కడిది? నాకు తెలిసినావిడ ఒకరు ఇలాంటి నష్టాన్ని ముందే ధరలో కలిపేస్తున్నారు. అంటే పగలని పార్సిళ్లు కొన్నవాళ్లు పగిలినవాటికి కడుతున్నారన్నమాట.

పచ్చళ్ల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. పచ్చడి సీసా పగిలితే పక్క పెట్టెలో చీర నాశనమవుతుంది. చీర పంపినవాళ్ల ప్యాకింగ్‌లో ఏ లోపమూ లేదు. మరి ఆ చీరకు ఎవరు కడతారు? నేనడిగిన ఎవరి దగ్గరా జవాబు లేదు.

5. దేశం దాటితే ఇంకో న్యాయం. దేశాల మధ్య తపాలా నడిపించే అంతర్జాతీయ సంస్థ యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌లో మన దేశం 1876 నుంచి ఉంది. ఆ ఒప్పందంలోనూ పరిమితులున్నాయి: పోయిన లాభాలకు, పరోక్ష నష్టాలకు పరిహారం ఉండదు, పంపినవాళ్ల తప్పు ఉంటే బాధ్యత ఉండదు, విచారణ కోరడానికి గడువు ఆరు నెలలు. అయినా ఒక్క మంచి మాట ఉంది. రిజిస్టర్డ్ కవరో పార్సిలో తీసుకున్నట్టు మామూలుగా సంతకం చేసినా సరే, లోపల దెబ్బతిన్నదని ఆలస్యం చేయకుండా తెలిపి, ఆ దెబ్బ తమ చేతికి వచ్చాక తగిలింది కాదని చూపగలిగితే, బాధ్యత పోదు. సంతకంతోనే కథ ముగిసిపోదని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. తెనాలి నుంచి హైదరాబాదు వెళ్లిన పెట్టెకు మాత్రం ఓటీపీతో కథ ముగిసింది.

ఇన్సూరెన్స్ చేయించుకోవాల్సింది కదా అని చాలామంది అన్నారు. నిజమే. సదుపాయం ఉంది, అదనంగా కొంత కడితే రాయించిన విలువ మేరకు రక్షణ ఉంటుంది. ఆ రోజు కౌంటర్‌లో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నేను కట్టేదాన్ని. చెప్పకపోగా విలువ తగ్గించి రాయించారు. అడగకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను. అయినా రోజూ ఆ పని చేసేవాళ్లకు తెలిసిందీ, ఏడాదికి ఒకసారి వెళ్లే నాకు తెలిసిందీ ఒకటి కావు.

ఇంకొకటి కూడా ముందే చెబుతాను. ప్రతి పార్సిల్‌కూ పూర్తి విలువ ఇచ్చేయమంటే చార్జీలు పెరుగుతాయని అధికారులు మీతో అంటారు. అందులో నిజముంది. 1.6 లక్షలకు పైగా పోస్టాఫీసులతో మారుమూల పల్లెకు కూడా ఉత్తరం చేరవేసే వ్యవస్థ మీద మోయలేని భారం వేయమని నేను అడగడం లేదు. మామూలు ఉత్తరానికి పరిహారం ఇవ్వమనడం లేదు. చార్జీ కట్టి, రసీదు తీసుకుని, నంబరు వేసి పంపిన పెట్టె గురించే అడుగుతున్నాను.

మీరు సభలో అడగవలసినవి ఇవి:

1. కొత్త తపాలా చట్టం 10వ సెక్షన్‌ను సవరించండి. అంతవరకు, ఆ సెక్షన్ కింద ఏ సేవకు ఎంత బాధ్యత ఒప్పుకున్నారో తెలుగులో ఒక్క కాగితం మీద రాసి ప్రతి పోస్టాఫీసు గోడ మీద అంటించమనండి. పరిహారాన్ని రుసుముకు ముడిపెట్టడం మానాలి. రాయించిన విలువ మేరకు అసలు నష్టం, దానితో పాటు రవాణా చార్జీ వాపసు, తపాలాకైనా ప్రైవేటుకైనా ఒకే రకంగా.

2. విలువ గడి నింపేది పంపే మనిషే కావాలి. ఎంత రాయిస్తే ఎంత వస్తుందో, ఇన్సూరెన్స్ ఎంత అవుతుందో కౌంటర్‌లో నోటితో చెప్పాలి. రసీదు మీద ముందువైపునే, తెలుగులో, కనబడే అక్షరాల్లో ఉండాలి.

3. బట్వాడా యాప్‌లో "పెట్టె దెబ్బతిని ఉంది" అనే మీట ఒకటి పెట్టండి. దీనికి చట్టం కూడా అక్కర్లేదు. మీట నొక్కగానే ఫొటో తీసే వీలుండాలి. బయటికి కనబడని దెబ్బ గురించి చెప్పడానికి కనీసం మూడు రోజులు ఇవ్వాలి. వీడియో లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదు. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో ఫోను ఎలా పట్టుకుంటుంది?

4. ప్యాకింగ్ లోపం ఉందనిపిస్తే పెట్టె తీసుకునేటప్పుడే చెప్పాలి. నా పెట్టెను తూచారు, కదిపి చూశారు, టేపు కూడా ఇంకో చుట్టు చుట్టారు. డబ్బు తీసుకున్నాక నాలుగో నెలలో లోపం గుర్తుకు రాకూడదు. లోపల కనబడనిది ఏమైనా ఉంటే అది వాళ్లే చూపించాలి.

5. పాత వస్తువులకు కొన్న బిల్లు అడగడం ఆపాలి. బాగు చేసే మనిషి రాసిచ్చిన అంచనా చాలు.

6. ముప్పై రోజుల్లో కారణాలతో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన మనిషి ఒప్పుకోకుండా "పరిష్కరించబడింది" అని మూసేయడానికి వీల్లేదు. పరిశీలనకు వస్తామన్న గడువు దాటితే, నష్టం ఒప్పుకున్నట్టే లెక్క.

మీలో ఒక్కరు ప్రశ్నోత్తరాల సమయంలో ఒక్క ప్రశ్న వేసినా చాలు: గత ఐదేళ్లలో దెబ్బతిన్న పార్సిళ్ల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటికి పరిహారం ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు? మంత్రి ఇచ్చే ఆ జవాబు కోసం నేను ఎదురు చూస్తుంటాను.

ఐదు వందలు నేను తీసుకోలేదు. హార్మోనియం మా అక్క వాళ్లింట్లో కిటికీ పక్కన ఉంది. నొక్కుకుపోయిన అట్టపెట్టె, థర్మోకోల్ ముక్కలు, మా నాన్న దుప్పటి బాల్కనీలో ఉన్నాయి. వర్షం వస్తే తడుస్తాయని మా అక్క వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పింది. చూడటానికి వచ్చే మనిషి ఇంకా రాలేదు కాబట్టి పారేయడం లేదు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక ఓటరు